బట్టల తీగ మీద గుచ్చి దండలు

పులావ్ చల్లారిపోతోంది. ఎవరూ ముట్టుకోవడం లేదు.

సిడ్నీ శివార్లలోని బ్లాక్‌టౌన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. బల్ల మధ్యలో మూత తీసిన గిన్నె ఉంది. నెయ్యి వాసన ఇల్లంతా పట్టింది. పొడిపొడిగా విడిన అన్నం నడుమ ముదురు గోధుమరంగులో, తేనెపట్టు ముక్కల్లా గుంటలు గుంటలుగా ఉన్న గుచ్చి పుట్టగొడుగులు అక్కడక్కడా తలలెత్తి చూస్తున్నాయి. బల్ల చుట్టూ ఆరుగురం. అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"తీస్కో మియా," అని పెద్దాయన తన బావమరిది కంచంలో గరిటెడు వడ్డించాడు.

"ముందు మీరు తినుండ్రి, దూల్హాభాయ్." అక్క భర్తను వాళ్ళు అలా పిలుస్తారు.

"ఇంటికొచ్చినోడు తినకముందు నేను తినాల్నా? మా ఖాన్‌దాన్‌ల ఎవరన్నా చేసిన్రా అట్ల?"

"ఖాన్‌దాన్ మాట కాదు. ఎవరు ఏరిన్రో వాళ్ళు ముందు తినాలె. నేల మీద దొరికిన మాల్ అది."

"నా చేతి అన్నం మీద అనుమానమా నీకు?"

"మీ గుచ్చి మీద నాకు ముప్పై ఏండ్ల సంది అనుమానమే."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "పేపర్ సాబ్, మీరు చెప్పుండ్రి."

నేను చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసినవాణ్ణి. ఇరుపక్షాల వాదనా వినడం నా అలవాటు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందన్నాను. బల్ల కింద నా భార్య నా కాలు తొక్కింది. నిజంగానే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అతిథి తిన్న తర్వాతే ఇంటివాడు తినాలి. దొరికిన పుట్టగొడుగుని ఏరినవాడే ముందు తినాలి. ఈ రెండు నియమాలూ ఒకే కంచంలో ఎదురుపడతాయని వాటిని పెట్టినవాళ్ళెవరూ ఊహించి ఉండరు.

"అందరూ ఆగింది ప్రార్థన కోసమా?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది ఆరో మనిషి, మా పక్కింటి ముసలావిడ. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. అవునని అర్థం చేసుకుందేమో, ఆవిడ కళ్ళు మూసుకుని, మా అందరి తరఫునా దేవుడికి రెండు ముక్కల్లో కృతజ్ఞత చెప్పి, ఫోర్కు తీసుకుని, అన్నిటికంటే పెద్ద పుట్టగొడుగుని పొడిచి నోట్లో పెట్టుకుంది.

"ఎంత బాగుందో," అంది నములుతూ.

మా ఐదుగురి చూపూ ఆవిడ నోటి మీదే నిలిచింది.

ఇంతదాకా ఎలా వచ్చామో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అది 1999. ఏడాది చివర్లో అంకె మారగానే లోకంలోని కంప్యూటర్లన్నీ మతి తప్పుతాయని అందరూ నమ్మిన కాలం. నా భార్యకు కోబాల్ వచ్చు. ఎవరూ నేర్చుకోవడం మానేసిన ఆ పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్ళ కోసం దేశాలు హఠాత్తుగా వెతకడం మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియాకు కావలసింది నా భార్య. నేను ఆమె సామానుతో పాటు వచ్చాను. విజయవాడలో జిల్లా పేజీలకు శీర్షికలు పెట్టినవాడి అవసరం సిడ్నీలో ఎవరికీ కనబడలేదు.

మేమున్నది ఒక పాత ఇంటి రెండు వాటాల్లో ఒకదానిలో. పెరడు రెంటికీ ఒకటే. రెండో వాటాలో నా భార్య ఆఫీసులోనే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టరుగా చేసే హైదరాబాద్ అబ్బాయి. ఏదీ నమ్మకపోవడమే అతని ఉద్యోగం. పాల ప్యాకెట్టు మీద తేదీ చూసి, మూత తీసి వాసన చూసి, చెంచాడు నాలుక మీద వేసుకుని, అప్పుడు టీ పెట్టేవాడు.

ఆ చలికాలంలో అతని తండ్రి విజిట్ వీసా మీద వచ్చాడు. పెద్దాయనది హైదరాబాద్ పాతబస్తీలో మేవా దుకాణం. కాజు, బాదం, ఏలకులు, కుంకుమపువ్వు. వీటన్నిటికంటే పైఅరలో, గాజు సీసాలో, గుచ్చి. కాశ్మీరు కొండల్లో మంచు కరిగాక దానంతట అదే మొలిచే పుట్టగొడుగు. ఎండి, ముడుచుకుపోయి, దారానికి గుచ్చిన దండల్లా వస్తుంది. పెద్ద పెళ్ళిళ్ళలో పులావ్‌కి తప్ప ఎవరూ కొనరు. దీన్ని ఇంగ్లీషులో మోరెల్ అంటారని నాకు తర్వాత తెలిసింది.

పొద్దున్నే అందరూ రైలెక్కి పనులకు పోతే వీధిలో మిగిలే మగవాళ్ళం మేమిద్దరమే. కలిసి నడిచేవాళ్ళం. ఆయన బాధ ఒకటే. "ఈడ బాదం డబ్బాల వస్తది పేపర్ సాబ్. మీద అంతా రాసుంటది. వేలితోని ఒత్తి చూసే మనిషి అక్కర్లే." కొడుకింట్లో తనని ఎవరూ ఏదీ అడగడం లేదని ఆయన నేరుగా ఎప్పుడూ అనలేదు.

ఇంటి యజమాని శీతాకాలంలో ఒక లారీడు చెక్కపేళ్ళు తెప్పించి పెరడంతా పరిపించాడు. కలుపు రాకూడదని. సెప్టెంబరులో, అంటే అక్కడి వసంతంలో, రెండు మూడు రోజులు వాన పడి ఎండ కాసింది. ఒక పొద్దున పెద్దాయన పెరట్లోంచి కేక వేశాడు.

"పేపర్ సాబ్! ఇటు రాండ్రి. తొక్కకుండ్రి, తొక్కకుండ్రి! ఏం కనబడుతుంది?"

చెక్కపేళ్ళ మధ్య వేలెడెత్తున, తెల్లటి కాడ మీద కోలగా గోధుమరంగు తలలు. తలంతా గుంటలు.

"పుట్టగొడుగులు," అన్నాను.

"పుట్టగొడుగులట! గుచ్చి సాబ్ ఇది. గుచ్చి!" ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచి చూశాడు. "జిందగీ మొత్తం అమ్మిన. నేల మీద నిలబడ్డది ఎన్నడూ చూడలె."

చిక్కంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. ఆయనకు తెలిసిన గుచ్చి ఎండినది. పచ్చిది ఎలా ఉంటుందో ఆయనకు నా అంతే తెలుసు.

నా భయం నాకుంది. ఏటా తొలకరి పడగానే మా డెస్కుకి ఒక సింగిల్ కాలమ్ వార్త వచ్చేది. పుట్టగొడుగుల కూర తిని ఫలానా ఊళ్ళో ఒక కుటుంబానికి అస్వస్థత. శీర్షిక పెట్టి కింది మడతలో వేసేవాణ్ణి. అన్నేళ్ళలో ఒక్క విలేకరి కూడా అది ఏ రకం పుట్టగొడుగో రాయలేదు. నేనూ అడగలేదు. అందుచేత పుట్టగొడుగుల గురించి నాకున్న పరిజ్ఞానమంతా ఆసుపత్రి మంచం దగ్గర మొదలయ్యేది.

లైబ్రరీకి వెళ్ళి బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చాను. అందులో మోరెల్ ఉంది. దాని పక్కనే దాన్ని పోలినవీ ఉన్నాయి. ఒకదాని తల మెదడులా ముడతలు పడి ఉంటుంది. అది విషం, ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి కూడా మంచిది కాదని రాశారు. ఇంకోదాని తల కాడ కొసకి మాత్రమే అంటుకుని టోపీలా వేలాడుతుంది. మూడోది కుళ్ళు కంపు కొడుతుంది, జిగురుతో ఈగల్ని పిలుస్తుంది; వానకి జిగురు కడుక్కుపోతే దూరం నుంచి అదీ మోరెల్ లాగే కనబడుతుంది. అసలైనది తేల్చుకోవాలంటే నిలువునా కొయ్యాలట. తల కొస నుంచి కాడ మొదలు దాకా లోపల ఒకటే గదిలా బోలుగా ఉండాలి. దూదిలాంటిది గానీ అడ్డుగోడలు గానీ కనబడితే పారెయ్యాలి. అసలైనదాన్ని కూడా పచ్చిగా తినకూడదు. మద్యంతో అసలు కూడదు. అనుమానం ఉంటే వదిలెయ్యమని చివర్లో ముద్ద అక్షరాల్లో ఉంది.

"ఒకటి కోద్దాం అంకుల్. చిటికెలో తేలిపోతుంది," అన్నాను.

తన కాలు తీసేద్దామని నేనన్నట్టు చూశాడు. "కోసిన గుచ్చి రెండో రకం సాబ్. తలకి కత్తి తగలకూడదు. పూర్తిది, ముక్క కానిది, దారానికి గుచ్చినదే మొదటి రకం. నా దుకాణంల కోసినది ఎన్నడన్న పెట్టిన్నా?"

"ఇది దుకాణం కాదు కదా."

"మనిషిని నేనే కద."

మరి అసలుదని ఎలా తెలుస్తుంది అంటే ఎండబెడితే తెలుస్తుందన్నాడు. ఎండిపోతే అది తనకు తెలిసిన రూపానికి వస్తుంది. అప్పుడు వేళ్ళతో పట్టుకుని, వాసన చూసి చెప్పేస్తాడు. పుస్తకం పచ్చిదాన్ని చూసి చెప్పమంటుంది, ఆయన ఎండినదాన్ని చూసి చెబుతానంటాడు. ఆయన వైపు నుంచి చూస్తే అది సబబుగానే ఉంది.

సాయంత్రం కొడుకు వచ్చి అంతా విన్నాడు. తండ్రి కాడలు గోటితో తుంచిన చోట చూసి, "కాడ బోలుగనే ఉంది. మంచిదే. కానీ తల లోపల సంగతి తెల్వదు కద అబ్బాజాన్? సగం టెస్ట్ అయినట్టు," అన్నాడు.

"నీ టెస్ట్ నీ ఆఫీసుల పెట్టుకో బేటా."

దానికి తోడు మర్నాడు పెద్దాయన స్టేషన్ వైపు పార్కులో పైన్ చెట్ల కింద మరో రకం చూసి, జేబురుమాల్లో మూటగట్టి తెచ్చాడు. నలిపి పారేసిన కాగితంలా ముడతలతో, నల్లగా ఉంది. పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురం చాలాసేపు చూశాం. అది మెదడు జాతిదో, గుర్రపు జీను ఆకారంలో ఉండే ఇంకో జాతిదో తేల్చుకోలేకపోయాం. గుచ్చి కాదన్నది మాత్రం తేలింది. కొడుకు ఏమీ అనకుండా సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆయనకు అది తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. "కళ్ళద్దాలు లేకుండా పోయిన," అన్నాడు.

పెరట్లోవి మాత్రం ఆయన దారానికి గుచ్చాడు. సూది తల మధ్య నుంచి పోకుండా, కాడ తుంచిన అంచున పోనిచ్చాడు. మా పెరట్లో ఒకే స్తంభం మీద గొడుగులా విచ్చుకుని గుండ్రంగా తిరిగే బట్టల తీగల చట్రం ఉండేది. దాని నాలుగు పక్కలా దండలు కట్టాడు. గాలికి ఆ చట్రం మెల్లగా తిరుగుతుంటే మా బట్టల పక్కన గుచ్చి దండలు ఊరేగుతుండేవి.

అక్కడ వసంతంలో మాగ్‌పైలు గూళ్ళు పెడతాయి. నలుపూ తెలుపూ ఉండే, మన కాకంత పక్షులు. గూడు దరిదాపుల్లోకి వచ్చినవాళ్ళని వెనక నుంచి వచ్చి నెత్తిన పొడుస్తాయి. మా పెరటి చెట్టు మీద ఒక జంట ఉంది. మొదటి రోజే పెద్దాయన టోపీ ఎగరగొట్టాయి. కంచె అవతల నుంచి చూసిన పక్కింటి ముసలావిడ వెంటనే ఖాళీ ఐస్‌క్రీం డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చింది. వెనక వైపు నల్ల మార్కరుతో రెండు పెద్ద కళ్ళు గీసి ఉన్నాయి. తలకి బోర్లించుకోమంది. వెనక కళ్ళున్నాయనుకుంటే పక్షి రాదట. ఆ ఊళ్ళో సైకిల్ మీద పోయే పెద్దమనుషులు కూడా అలాగే చేస్తారని చెప్పింది.

అలా ఓ వారం పాటు, హైదరాబాద్‌లో కుంకుమపువ్వుని వాసనతో గుర్తుపట్టే వ్యాపారి, తల వెనక మరో రెండు కళ్ళతో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బట్టల తీగకు కాపలా కాశాడు.

అదే సమయంలో ఆయన బావమరిది వచ్చాడు. మా రైలు దారిలోనే ఉన్న పారమట్టాలో ఏదో ఆఫీసులో లెక్కలు చూస్తాడు. అక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. గేటు తీసుకుని పెరట్లోకి వచ్చి, ముందు డబ్బాని చూశాడు, తర్వాత దండల్ని చూశాడు.

"ఏంది దూల్హాభాయ్, పెళ్ళా? పూలదండలు కట్టిన్రు?"

"గుచ్చి."

"అసలుదా? నా వలీమాల పెట్టినదా?"

వలీమా అంటే పెళ్ళయ్యాక పెళ్ళికొడుకు ఇంటివాళ్ళు ఇచ్చే విందు. ముప్పై ఏళ్ళ కిందట ఈయన వలీమాలో పులావ్‌కి గుచ్చి బావగారి దుకాణం నుంచి వచ్చింది. కానుకగా. ఊళ్ళో పెద్దలంతా తిన్నారు. కొత్త పెళ్ళికొడుకు మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇది గుచ్చి కాదు, నకిలీ అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట వదల్లేదు.

"నమిలితే పాత చెప్పు తోలు నమిలినట్టుండె సాబ్," అని నాకు చెప్పాడు, బావగారు వింటుండగానే. "నా మామ మొఖం చూసి మింగిన. ఇయ్యాల్టిదాక అరగలె."

"తినుడు రాదు నీకు. పొద్దుగాల్ల సంది సిగరెట్లు తాగి గుచ్చి రుచి చెప్పెటోడివి!"

"నోరు నాది, రుచి నాదే కద."

ఇది వాళ్ళిద్దరికీ అలవాటైన వేళాకోళమని మొదట అనుకున్నాను. కానీ ఆయన వెళ్ళిపోయాక పెద్దాయన డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెప్పాడు. "పండగకి అంటడు, పెళ్ళిల అంటడు, చావుల గూడ అంటడు. వాళ్ళ అక్క నవ్వుతది. కానీ నకిలీ మాల్ అమ్మినోడి భార్యనా నేను అని ఒక్కనాడు అడిగింది సాబ్. నవ్వుకుంటనే అడిగింది." దండ వైపు చూపించాడు. "ఇది నేల నుంచి నేనే తీసిన. నడుమ దళారి లేడు. ఇదే పులావ్ చేసి వానికి పెడత. అదే రుచి అని వాని నోటితోనే అనిపిస్త."

అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు కావలసింది భోజనం కాదు, ఒక తీర్పు. అది చెప్పగలిగిన నోరు లోకంలో ఒక్కటే ఉంది. ఆ నోరు పారమట్టాలో ఉంది.

దండలు ఎండాయి. ఆయన ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో నొక్కి, వాసన చూసి, "సోలా ఆనా గుచ్చి," అన్నాడు, పదహారణాల అసలుదని. వచ్చే ఆదివారం విందు అన్నాడు.

ఇక కొడుకు రంగంలోకి దిగాడు. నా భార్యా తోడైంది. ఇద్దరూ ఆఫీసులో డిసెంబరు ఆఖరి రోజు కోసం ఎలా సిద్ధమవుతున్నారో, మా ఆదివారానికీ అలాగే సిద్ధమయ్యారు.

"అందరం ఒకేసారి తింటే ఎట్ల? ఒక్కరు తినాలె. ఒక రోజు చూడాలె. ఏం కాకపోతే మిగిలినోళ్ళు తినాలె," అన్నాడు అబ్బాయి.

"ఆ ఒక్కరు ఎవరు బాబూ?" అడిగాను.

"అది మేనేజ్‌మెంట్ చూసుకోవాలె అన్నా."

కారుని వీధి వైపు ముఖం పెట్టి నిలిపారు. పెట్రోలు నింపారు. ఆసుపత్రికి ఏ దారిన వెళ్ళాలో ముందురోజు ఒకసారి వెళ్ళి చూసి వచ్చారు. కారు నడిపేవాళ్ళు పులావ్ తినకూడదని తీర్మానం చేశారు. తక్షణం అందరికీ డ్రైవింగ్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నా భార్య తనకి లైసెన్సు ఉందంది. అబ్బాయి కారు తనదన్నాడు. బావమరిది ఫోన్లో ఆ దారులన్నీ తనకి కొట్టినపిండి అన్నాడు. లైసెన్సు లేని నేను కూడా, నేర్చుకుంటున్నానని గుర్తుచేశాను.

ఇంత ఏర్పాటులో మేం చూసుకోనిది ఒకటే. వంట వాసన పొరుగింటికి వెళ్ళిందంటే ఆ పొరుగువాళ్ళకి అందులో హక్కు ఉన్నట్టేనని పెద్దాయన నమ్మకం. ఆదివారం పొద్దున నెయ్యి కాగగానే ఆయన కంచె దగ్గరికి వెళ్ళి, డబ్బా ఇచ్చిన ముసలావిడని భోజనానికి పిలిచాడు. ఇవి పెరట్లో దొరికినవని ఆవిడకి ఆయన చెప్పాడని మేం అనుకున్నాం. మాలో ఎవరో చెప్పారని ఆయన అనుకున్నాడు.

అలా మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వచ్చాం. ముసలావిడ నములుతోంది.

అతిథి తినడం మొదలుపెట్టింది కనుక నియమం ప్రకారం ఇక ఇంటివాడు తినవచ్చు. పెద్దాయన సంతోషంగా చెంచా ఎత్తాడు. కొడుకు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క రోజు, అబ్బాజాన్." అని ఉర్దూలో ఇంకేదో చెవిలో చెప్పాడు. పెద్దాయన ముసలావిడ వైపు చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. తను పిలిచిన మనిషి మీద పరీక్ష జరుగుతోందని అప్పుడే తట్టింది.

మేం ఐదుగురం పప్పూ పెరుగూ బ్రెడ్డూ తిన్నాం. ఉన్న మంచి వంటకమంతా తన కోసమే ఉంచామని ఆవిడకి కళ్ళు చెమర్చాయి. మేం నొచ్చుకోకూడదని రెండోసారి పెట్టించుకుంది. వద్దనడానికి మర్యాద అడ్డొచ్చింది. మూడోసారి కూడా అడ్డొచ్చింది.

అబ్బాయి ఇక ఉండబట్టలేక అడిగాడు. "ఇవాళ మీరు... ఏమన్నా తాగారా?"

"చర్చి నుంచి వచ్చాక ఒక చిన్న షెర్రీ," అంది సిగ్గుపడుతూ. "మీ ఇంట్లో తాగరని తెలుసు. అందుకే మా ఇంట్లోనే తాగి వచ్చాను."

మద్యంతో అసలు కూడదని ముద్ద అక్షరాల్లో కాకపోయినా పుస్తకంలో ఉంది. నా భార్య లేచి వెళ్ళి కారు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆవిడని ఇంటికి పంపలేదు. టీ ఇచ్చాం. అది తాగాక ఇంకో టీ ఇచ్చాం. నా భార్య పెళ్ళి ఆల్బం తెచ్చి ప్రతి బొమ్మా వివరించింది. అబ్బాయి ఆవిడ మాట తడబడుతోందా అని దగ్గరగా కూర్చుని విన్నాడు. బావమరిది ఆవిడ చేతి గడియారం బాగుందంటూ పట్టుకుని, నాడి చూశాడని నా అనుమానం. ఆవిడ లేచి నిలబడినప్పుడల్లా ఐదుగురం లేచి నిలబడ్డాం. చీకటి పడబోతుండగా, ఇంత ఆప్యాయంగా తనని ఎవరూ చూసుకోలేదని చెప్పి వెళ్ళింది.

"ఫోన్ చెయ్యి బేటా," అని బావమరిది కూడా పారమట్టా వెళ్ళిపోయాడు. పులావ్ ముట్టకుండానే.

సోమవారం పొద్దున ఆవిడ కిటికీ తెర తియ్యలేదు. రోజూ నేను లేచేసరికే తీసి ఉండేది. పెద్దాయన తెల్లవారుజాము ఫజర్ నమాజు అయిన దగ్గర్నుంచి పెరట్లోనే ఉన్నాడట. డబ్బా లేకుండా. మాగ్‌పై ఒకసారి పొడిచినా కదల్లేదు. నేను వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. పలకలేదు. ఫోన్ చేస్తే లోపల మోగింది.

"నా పేరు కోసం ఒక ముసల్దాన్ని..." అని ఆగిపోయాడు పెద్దాయన. తర్వాత అన్నాడు. "బావమరిది అన్నది అననీ సాబ్. జిందగీ మొత్తం అననీ. ఆమె తలుపు తీస్తే చాలు."

పోలీసులకు ఫోన్ చేద్దామా వద్దా అని మేం వాదించుకుంటుండగా, మధ్యాహ్నానికి, ఆవిడ చక్రాల సంచీ లాక్కుంటూ వీధి మలుపు తిరిగింది. పొద్దున్నే మొదటి రైలుకి పెన్రిత్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిందట, నిన్నటి భోజనం సంగతి చెప్పడానికి. ఆ వంట ఎలా చెయ్యాలో చెల్లెలు అడగమందట. పెద్దాయన కంచె పట్టుకుని ఏడ్చాడు. వంటని మెచ్చుకున్నందుకే అనుకుని ఆవిడ ఆయన భుజం తట్టింది.

లోపలికి వచ్చి ఆయన ఫ్రిజ్‌లోంచి పులావ్ తీసి వేడిచేశాడు. ఇద్దరమే ఉన్నాం. ఆయన ఒక గుచ్చి నోట్లో పెట్టుకున్నాడు. నేనూ ఒకటి పెట్టుకున్నాను. లోపల గది ఉందో దూది ఉందో నాకు తెలియలేదు. నోట్లో పడ్డాక సాక్ష్యం మిగలదు. రుచి బాగుంది. తడిసిన నేల, వేయించిన గింజ కలిసినట్టుంది. ఆయన చాలాసేపు నమిలాడు.

"ఇది అది కాదు," అన్నాడు.

"ఏది కాదు అంకుల్?"

"నేను అమ్మినది ఇది కాదు. అది గట్టి. వాసన వేరే. కొంచెం కాలినట్టుంటది." కంచం పక్కకి జరిపాడు. "ఇది గుచ్చి అయితే వాడు ముప్పై ఏండ్లుగ నిజం చెప్తున్నడు. ఇది గుచ్చి కాకపోతే, ఆమెకి ఏం తినిపించిన్నో నాకు తెల్వదు."

కాశ్మీరు కొండల్లో ఎండ తక్కువ కదా, పొయ్యి పొగ మీద ఆరబెడతారేమో, ఆ వాసన పొగదేమో అన్నాను. డెస్కు మీద ఉన్నప్పుడు కూడా నాకు ఇలా మధ్యేమార్గం వెతకడం అలవాటు.

ఆయన నవ్వలేదు. "అంటే నేను అన్నేండ్లు పొగ అమ్మిన్నా, పేపర్ సాబ్?"

అయినా వండి పెడతానని అన్నాడు కనుక బావమరిదికి పంపాలన్నాడు. ఇంట్లో సరిపడే గిన్నె ఏదీ ఖాళీగా లేదు. ఐస్‌క్రీం డబ్బాని కడిగి, పులావ్ నింపి, కొడుకు చేత పారమట్టా పంపాడు. రెండు నల్ల కళ్ళతో డబ్బా రైలెక్కింది.

వారం తర్వాత తిరిగొచ్చింది. వచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక నిండా ఖర్జూరాలున్నాయి. లోపలా బయటా ఎంత గట్టిగా తోమారంటే మార్కరు కళ్ళు రెండూ పోయాయి. తిన్నవాళ్ళు అలా తోముతారో, పారేసినవాళ్ళు తోముతారో ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. తర్వాత ఎన్నోసార్లు కలిసినా ఆయన రుచి గురించి ఒక్క మాట అనలేదు. వలీమా సంగతి కూడా మళ్ళీ ఎత్తలేదు. పెద్దాయన అడగలేదు. నేనే ఒకసారి పారమట్టా స్టేషన్లో కనబడితే, "పులావ్ ఎలా ఉంది?" అని అడిగాను.

"డబ్బా ముట్టింది కద?" అని రైలెక్కాడు.

జనవరి ఒకటిన కంప్యూటర్లకి ఏమీ కాలేదు. యజమాని పెరడంతా సిమెంటు చేయించాడు. పెద్దాయన హైదరాబాద్ వెళ్ళేముందు మిగిలిన ఒక దండ నాకిచ్చాడు. పూర్తివి, ముక్క కానివి, మొదటి రకం. కొయ్యొద్దన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. ఇల్లు మూడుసార్లు మారాం. ఆ దండ మా వంటింటి పైఅరలో గాజు సీసాలో ఉంది. దాన్ని ఇప్పటిదాకా ఎవరూ కోసి చూడలేదు.